కింది నుంచి పడ్డ వెలుతురు

మా బావంత మెతక మనిషిని ఎక్కడా చూడలేదు. చీమల బారు అడ్డొస్తే అది దాటేదాకా సైకిలు దిగి నిలబడతాడు. అలాంటివాడు గోదాములో కాపలా ఉద్యోగానికి ఫొటో దిగబోతే, స్టూడియోలో పై లైటు మాడిపోయింది. స్టూడియోవాడు ఇంకో లైటు నేలమీద పెట్టి, గడ్డం కింది నుంచి వెలుతురు కొట్టి తీసేశాడు.

ఆ ఫొటో ఇంటికి రాగానే పొయ్యి మీద పాలు విరిగాయంటే నమ్మండి. పిల్లి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. అక్క ఫొటోనీ బావనీ మార్చి మార్చి చూసింది.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ నేను కాపురం చేసింది వీడితోనా?"

"లైటు అలా పడిందే!"

"లేనిదాన్ని లైటు చూపిస్తుందా?" అంటూ కత్తిపీట బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడే ఫొటో తీసుకుని గోదాముకి రమ్మన్నారు. ఈ ఉద్యోగం కూడా తప్పిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నేనూ తోడు వెళ్ళాను. కిటికీలు లేని గదిలో గోదాం అయ్య టేబుల్ లైటు వెలుతురులో ఫొటో చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇందులో దుర్మార్గుడు. ఎదురుగా చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకనివాడు. ఇద్దరిలో ఎవడో నన్ను బుట్టలో వేస్తున్నాడు. నీకు ఉద్యోగం ఇవ్వలేనయ్యా."

"దుర్మార్గుడంటే ఏంటండీ?" అన్నాడు బావ.

"చూస్తే తెలిసిపోదూ? అందం తెలియడం లేదూ, అలాగే!" అని అయ్య గోడ అద్దంలో మీసం దువ్వుకున్నాడు. ఆయన గొప్ప అందగాడు. ఆ మాట రోజూ ఆయనే చెప్తాడు.

బావ టేబుల్ లైటు తీసి ఆయన గడ్డం కింద పట్టాడు.

అద్దంలో చూసుకుని అయ్య పెట్టిన కేకకి గోదాములో ఇనప దూలాలు దొర్లాయి.

"ఎవడ్రా వాడు?"

"మీరేనండి."

"తియ్యి!" తీశాడు. అందగాడు. "మళ్ళీ పెట్టు!" మళ్ళీ వాడే. అయ్య చెంపలు తడుముకున్నాడు.

"వీడు నాలోనే ఉన్నాడంటావా?"

"ఏమోనండి. మావాడి సంగతే నాకింకా తెలీదు," అన్నాడు బావ ఫొటో చూపిస్తూ.

అయ్య అద్దంకేసి ఓరగా చూసి, నడుముకున్న తాళాల గుత్తి విప్పి బావ చేతిలో పెట్టాడు.

"ఇవాళ్టి నుంచే పనిలోకి రా. నేనడిగినా ఇవి ఇవ్వకు."

"ఏ మొహంతో అడిగినా ఇవ్వకూడదా అండి?"

"అందంగా ఉన్నప్పుడు అసలే ఇవ్వకు."