మూడు మిణుకులు, ఆగి మూడు

బడి వ్యాను నడిపే ఆమెకు ఒక అలవాటుంది. దిగిన పిల్ల గుమ్మం దాటి లోపలికి వెళ్లేదాకా చెయ్యి ఊపుతూనే ఉంటుంది, వెనక బళ్లవాళ్లు ఎంత హారన్ కొట్టినా సరే. ఆ రోజు ఆఖరి పిల్లకు చెయ్యి ఊపి ఇటు తిరిగేసరికి, డాష్‌బోర్డు మీద బ్రేకుల్లో లోపముందని చెప్పే ఏబీఎస్ దీపం పసుపుగా వెలుగుతోంది. మర్నాడు పొద్దున్నే బండికి ఫిట్‌నెస్ తనిఖీ. ఆ దీపం కనిపిస్తే కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే బడివాళ్లు వేరే వ్యాను చూసుకుంటారు.

తిన్నగా పెద్దమ్మ షెడ్డుకు పోయింది. మెకానిక్ పెద్దమ్మ ఊరందరికీ పెద్దమ్మే. బండిలోని లోపాల కోడ్లు చదివే మిషను ఆమె దగ్గర లేదు. ఉన్నదల్లా జానెడు వైరు ముక్క, బోలెడు ఓపిక. మిషన్లున్న షెడ్లు చేతులెత్తేసిన బళ్లను కూడా ఆ వైరు ముక్కతో దారికి తెచ్చిన ఘటం.

"పెద్దమ్మా, ఆ దీపం ఆర్పెయ్ చాలు. రేపు గట్టెక్కితే మిగతాది తర్వాత చూసుకుందాం."

"జ్వరమొస్తే థర్మామీటరు విరగ్గొడతామా? జరుగు."

స్టీరింగు కింది సాకెట్లో రెండు పిన్నులకు వైరు కలిపి తాళం తిప్పింది. దీపం మూడుసార్లు మిణుకుమంది, ఆగింది, మళ్లీ మూడు.

"మూడూ మూడూ, ముప్పై మూడో కోడ్. కుడి వెనక చక్రం సెన్సారు."

చక్రం ఊడదీస్తే సెన్సారు మొననిండా ఇనప రజను. తుడిచి బిగించింది. "ఇప్పుడు కోడ్ చెరుపుదాం. ఐదు సెకన్లలో ఎనిమిదిసార్లు బ్రేకు తొక్కు," అంది. ఆ పని ఎప్పుడూ బండి నడిపేవాళ్లతోనే చేయిస్తుంది. ఎవరి భయాన్ని వాళ్లే తొక్కాలట.

ఎనిమిదో తొక్కుకు దీపం ఆరింది. ఆ వెలుగు ఆవగింజంత చుక్కై డాష్‌బోర్డులోంచి బయటికొచ్చింది. ఆ షెడ్డులో ఏ కోడ్ చెరిపినా అంతే, చుక్కలు పైకెగిరి రేకుల కింద అంటుకుంటాయి. అక్కడ బల్బు పెట్టాల్సిన అవసరమే రాలేదు. కరెంటువాళ్లు కూడా బిల్లెందుకు రాదని అడగడం మానేశారు.

ఈ చుక్క మాత్రం పైకి పోలేదు. కిటికీలోంచి దిగి, కుడి వెనక చక్రం పక్కనున్న బ్రేకు గొట్టం మీద వాలింది.

"దీపం ఆరిందిగా, వెళ్తా పెద్దమ్మా!"

పెద్దమ్మ తాళం లాగి జేబులో వేసుకుంది. "అది ఊరికే కూర్చోదమ్మాయ్."

రబ్బరు గొట్టాన్ని వంచింది. లోమడతలో వెంట్రుకంత పగులు, తడితడిగా ఉంది. ఎంత పెద్ద మిషను తెచ్చినా ఆ పగులును పట్టేది కాదు. పెద్దమ్మ కొత్త గొట్టం వేసి, బ్రేకు నూనెలో చేరిన గాలి తీసి, తానే వీధి చివరిదాకా నడిపి చూసుకుని తాళం ఇచ్చింది. అప్పుడుగానీ చుక్క పైకెగరలేదు.

తనిఖీ గట్టెక్కింది. నాలుగో రోజు జోరువాన. పన్నెండుమంది పిల్లలతో వ్యాను వాలు దిగుతుంటే ముందు లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె ఒంట్లో బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. ఏబీఎస్ పట్టుకుని పాదం కింద పెడలు గడగడలాడింది. వ్యాను లారీకి మూరెడు దూరంలో ఆగింది.

"ఆంటీ, నా పెన్సిలు కింద పడిపోయింది," అని వెనక నుంచి ఒక చిన్నది ఫిర్యాదు చేసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పిల్లలందర్నీ దింపి, షెడ్డుకు వెళ్లి, తలెత్తి చూసింది. రేకుల కింద వందల చుక్కలు, అన్నీ ఒకేలా ఉన్నాయి.

"మాది ఏది పెద్దమ్మా?"

"నాకేం తెలుసు? నువ్వే అడుగు."

ఆమె పైకి చూస్తూ చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉంది. ఎక్కడో మూలన ఒక చుక్క మూడుసార్లు మిణుకుమంది, ఆగింది, మళ్లీ మూడు.