మూడో లైటు

పనిముట్ల దుకాణం ఆయన మూడు చేతిలైట్లు సంచీలో పెట్టి ఇచ్చాడు. "నచ్చింది ఉంచుకోండమ్మా. మిగతా రెండూ సాయంత్రంలోగా పంపించండి" అన్నాడు. గ్యారేజీలో పాత లైటు టేపు చుట్టుకుని బతుకీడుస్తోంది. ఆ ఉదయం అది రెండుసార్లు ఆరిపోయాక, కొత్తది ఎంచే పని వదిన మీద పడింది.

ఆ గ్యారేజీలో పనిచేసేది ముగ్గురే. ఆమె, ఆమె భర్త, అతని తమ్ముడు. తమ్ముడు వదినా అని పిలవడం విని బళ్ళు తెచ్చేవాళ్ళు కూడా వదినా అనే అంటారు. సామాను తేవడం, సర్దడం, బళ్ళవాళ్ళకు నచ్చజెప్పడం ఆమె పని. బండి కిందికి మాత్రం వెళ్ళదు. బళ్ళను పైకెత్తే లిఫ్టు చుట్టూ నేల మీద తెల్లగీత ఉంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా, బండి పైన ఉండగా, ఆమె ఆ గీత దాటలేదు. వచ్చిన కొత్తలో ఒక కారు జాకీ మీంచి జారడం చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కారు కింద ఉన్న ఇనప స్టూలు పళ్ళెంలా అయింది. ఆ స్టూలు ఇప్పటికీ ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

మరిదికి ఆమె భయమొక ఆట. మామగారి కాలం నుంచి ఆ గ్యారేజీలో ఒక మాట ఉంది: గోడ. ఎవరైనా "గోడ!" అంటే చేతిలో ఏముంటే అది వదిలేసి, తలుపు పక్క గోడకు వీపు ఆనించి నిలబడాలి. ఎందుకని అడగకూడదు. మామగారు ముప్ఫై ఏళ్ళలో ఆ మాట రెండుసార్లు వాడారట. మరిది పోయిన నెలలో మూడుసార్లు వాడాడు. మూడోసారి "గోడ! వదినా, లిఫ్టు ఆర్ము పగిలింది!" అని కేకేశాడు. ఆమె చెప్పులు వదిలేసి రోడ్డు దాకా పరుగెత్తింది. చెప్పులు రెండూ పట్టుకుని వెనకాలే వచ్చాడు నవ్వుతూ.

ఇప్పుడు లిఫ్టు మీద బేకరీవాళ్ళ వ్యాను ఉంది. దాని డ్రైవరు టీకి వెళ్ళాడు. భర్త కొత్త బోల్టు తేవడానికి వెళ్ళాడు. పాత బోల్టు తుప్పుపట్టి రావడం లేదు. మరిది వ్యాను కింద నిలబడి, పానాకి బారెడు పైపు తొడిగి, దానికి వేలాడుతున్నాడు.

వదిన గీతకు ఇవతల నిలబడింది. లైటు ఎంచడానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. లిఫ్టుకు రెండు స్తంభాలు, నాలుగు ఆర్ములు. బండిని మోసేది ఆ ఆర్ములే. ముందు ఆర్ము పక్కన, ఎంత బరువు మోయగలదో చెప్పే రేకు ఒకటి బిగించి ఉంది. గీత దగ్గర నుంచి ఆ రేకు మీది అక్షరాలు చదవగలిగితే లైటు పనికొస్తుంది.

మొదటి లైటు వెయ్యగానే రేకంతా తెల్లగా మెరిసిపోయింది. అక్షరం కనబడలేదు.

"వదినా, లైటు తెచ్చావా, సూర్యుణ్ణి అద్దెకు తెచ్చావా?" అన్నాడు మరిది, చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

"నీ పని నువ్వు చూసుకో."

"కళ్ళుంటేగా చూసుకోడానికి!"

రెండో లైటు టార్చిలా ఒక్క అక్షరం మీదే పడింది. పక్క అక్షరం కోసం చెయ్యి కదపాల్సి వచ్చింది. దాన్ని సంచీలో పెట్టేసింది.

మూడోది అరచెయ్యంత పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. తల పక్కకు వంగుతుంది. వెలుగులో మొదటిదానికి తీసిపోదు. ఎదురుగా కాకుండా పక్క నుంచి వేసి చూసింది. అక్షరాలు లేచి నిలబడ్డాయి. అంకెలతో సహా చదివింది. రేకుకు జానెడు దూరంలో, ఆర్ము స్తంభాన్ని కలిసేచోట, ఒక గీర కూడా కనిపించింది.

కుంచె వెంట్రుక అనుకుంది. ఏటా ఆ ఆర్ములకు పసుపురంగు వేసేది మరిదే. పాత రంగు గీకడు, దాని మీదే పూస్తాడు. రంగులో వెంట్రుకలు అంటుకుని ఉండటం ఆమె చాలాసార్లు చూసింది. కానీ ఈ వెంట్రుక కింద గోధుమరంగు తుప్పు మరక కారి ఉంది.

మరిది పైపు పట్టుకుని లాగాడు. వ్యాను కొద్దిగా ఊగింది. గీర తెరుచుకుంది. పైపు వదలగానే మూసుకుంది.

వదిన లైటు కదలకుండా రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

"గోడ" అంది.

మరిది నవ్వాడు. "ఆహా! నా మందు నాకేనా?"

"నిజంగా. గోడ."

"నిజంగా అని నేనూ అన్నానుగా."

"ఆర్ము పగిలింది."

"ఆ మాట కూడా నాదే వదినా. సొంతంగా ఏదైనా ఆలోచించు." పైపు మీద మళ్ళీ చేతులు వేశాడు. "ఇంకొక్క పట్టు పడితే వచ్చేస్తుంది. ఆగు."

అతను లాగాడు. ఈసారి గీరలో గోరు పట్టేంత సందు ఏర్పడింది. రంగు పెచ్చు ఒకటి ఊడి అతని భుజం మీద పడింది. అతను చూసుకోలేదు. పైపు వదిలాక సందు పూర్తిగా మూసుకోలేదు.

అరిస్తే ఇంకా నవ్వుతాడు. ఏడ్చినా వేషమే అంటాడు. నమ్మితే మరీ ప్రమాదం. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ సుత్తితో కొట్టి చూడటం అతని అలవాటు.

గీత వైపు చూసుకుంది. కాలు లేవలేదు. ఇనప స్టూలు గుర్తొచ్చింది. అతను అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ పైపు అందుకోబోతున్నాడు.

ఆమె గీత దాటింది.

అడుగులు లెక్కపెట్టుకుంది. నాలుగు. వ్యాను అడుగుభాగం తల మీదికి వచ్చింది. గ్రీజు వాసన, వేడి. పైకి చూడలేదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

మరిది ముందు ఆమె పాదాలను చూశాడు. తరవాత ఆమె ముఖం చూశాడు. నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు.

"వదినా, నువ్వు... ఇక్కడా..."

ఆమె లాగింది. అతను పైపు వదిలేసి వెంట నడిచాడు. నాలుగు అడుగులూ నడిచే వచ్చారు. పరుగెడితే నేల అదురుతుందని ఆమె భయం. ఇద్దరూ గోడకు వీపులు ఆనించి నిలబడ్డారు.

అప్పుడామె లైటు మళ్ళీ పక్క నుంచి ఆర్ము మీద వేసింది. మరిది చూశాడు. "అయ్యో" అన్నాడు. సుత్తి ఊసెత్తలేదు.

బోల్టుకు వేలాడుతున్న పైపు దానంతటదే జారి నేల మీద పడింది. ఇద్దరూ ఒక్కసారిగా కింద కూలబడ్డారు. వ్యాను పడలేదు. ముందు మూల బెత్తెడు దిగి, మూలిగి, ఆగింది.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. భర్త బోల్టు పొట్లం పట్టుకుని లోపలికి వచ్చాడు. గోడ దగ్గర చతికిలబడిన ఇద్దరినీ చూశాడు.

"అన్నయ్యా, గోడ!" అన్నాడు మరిది.

"ఏరా, ఇవాళ వదిన కూడా నీ జట్టేనా?" అంటూ భర్త వ్యాను వైపే నడిచాడు. "బోల్టు దొరికింది. పద, పద."

మరిది లేచాడు. వెళ్ళి గీత మీద అన్నకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. భర్త తప్పుకోమన్నాడు. తప్పుకోలేదు. నెట్టబోయాడు. తమ్ముడి గడ్డం వణుకుతుండటం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భార్య వైపు తిరిగాడు. పట్టపగలు ఆమె చేతిలో లైటు వెలుగుతోంది. అది చూపిస్తున్న చోటికి చూశాడు.

ముగ్గురూ గోడ దగ్గరికి వచ్చేశారు. భర్త లిఫ్టు మేస్త్రీకి ఫోను చేశాడు. మేస్త్రీ ముందు అడిగింది ఒకటే: "కింద ఎవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాడు భర్త. పక్కనున్న ఇద్దరినీ చూసి మళ్ళీ అన్నాడు, "ఎవరూ లేరు."

మరిది వదిన పక్కన నిలబడి తన భుజం మీద ఉన్న పసుపు పెచ్చును తీసి చూశాడు. అందులో మూడు పొరలున్నాయి. మూడూ అతను పూసినవే.

"లైటు ఆపు వదినా, బ్యాటరీ అయిపోతుంది" అన్నాడు చివరికి.

"అవనీ" అంది. మేస్త్రీ వ్యాను కింద ఆసరాకి దూలాలు తీసుకుని వచ్చేదాకా దాన్ని ఆర్ము మీద నుంచి తియ్యలేదు.