చామనచాయ

గాజు నెగటివ్‌ను ఏటవాలు బల్లకు ఆనించి, సత్తియ్య ఆకివీడు పెళ్లికూతురి చెంప మీద పెన్సిలు మొన ఆడిస్తున్నాడు. నెగటివ్‌లో పెన్సిలు పడినచోట ఫొటోలో తెల్లబడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఏలూరులో ఆ స్టూడియోలో అతని పని అదే. తను కారునలుపైనా, కొల్లేటి చుట్టుపక్కల సగంమందిని దొరల రంగుకు తెచ్చాడు. మెడ పట్టేసింది, వేళ్లు వంకర తిరిగాయి. ఏడాదిగా కళ్లూ మొరాయిస్తున్నాయి. నలుపు తెలుస్తోంది, తెలుపు తెలుస్తోంది; నడిమి రంగులన్నీ ఒకటే బూడిదలా ఉంటున్నాయి. యజమాని బంగార్రాజుకు చెప్పలేదు. చెబితే కూడు పోతుందని భయం.

కొల్లేటి లంక నుంచి గంగారత్నం వచ్చి, నిరుడు ఇక్కడే భర్తకు తీయించిన ఫొటో బల్ల మీద పెట్టింది. నిండు నెలల మనిషి.

“ఈయన మా ఆయన కాదండీ. ఎవరో దొరగారిలా ఉన్నారు. మా ఆయన చామనచాయండీ. మొన్న వానల్లో జొరమొచ్చి పోయారండీ. కడుపులో ఉన్నది రేపు నాన్నేడని అడిగితే, ఇదేగదండీ చూపించాలి.”

తెలుపు తగ్గించమని అడిగిన మనిషి ఇన్నేళ్లలో ఆమె ఒక్కతే. సత్తియ్యకు సిగ్గేసింది.

పాత నెగటివ్ వెతికి తీసి, టర్పెంటైన్ గుడ్డతో పెన్సిలంతా తుడిచేశాడు. దానికి ఫొటో కాగితం జతచేసి, చట్రంలో బిగించి పెరట్లో ఎండకు పెట్టాడు. ఎండలో కాగితం రంగెక్కుతుంది. తొందరపడితే దొర, ఆలస్యమైతే బొగ్గు. ఆ మధ్య ఎక్కడ ఆపాలో అతని కళ్లకు అందదు.

“నాకు కనబడదమ్మా. మీ ఆయన రంగు రాగానే మీరే చెప్పండి,” అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆమె నీడన కూర్చుంది. అతను చట్రం వెనక రెక్క ఎత్తి చూపించినప్పుడల్లా “ఇంకా కాదండీ” అంది. నాలుగోసారి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఈయనేనండీ.”

“రంగు నిలబెట్టే మందులో వేస్తే కొంచెం వెలుస్తుందమ్మా,” అని ఇంకో పిసరు ముదరనిచ్చాడు.

సాయంత్రం ఆమె ఫొటో గుండెలకు పొదువుకుని వెళ్లిపోయాక, సత్తియ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“రేపట్నుంచి రానండీ. నడిమి రంగులు కనబడ్డం లేదండీ.”

“అదేమిటి సత్తియ్యా! ఇప్పటి ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందిగా?” అన్నాడు బంగార్రాజు.

“అది ఆవిడ కళ్లతో వచ్చిందండీ.”

దుఃఖమూ కలిగింది, మోపు దించినట్టూ ఉంది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు.

ఏటవాలు బల్ల మీద ఆకివీడు పెళ్లికూతురు అలాగే ఉండిపోయింది. ఒక చెంప పెన్సిలు కింద, రెండోది ఆ పిల్ల సొంత రంగులో.