నూకాలు అడగాల్సినవి

కోపంగానా, బెంగగానా అన్నది ఆ పుటలో లేదు. అచ్చులో గొంతు ఉండదు. చెట్ల చాటున దాక్కున్న మొదటి మనిషిని దేవుడు పిలిచి, ఎక్కడున్నావని అడిగాడని ఉంది, అంతే. మూడు వారాలుగా అర్జునరావు ఆ ఒక్క పిలుపునే రకరకాల గొంతులతో లోపల అనుకుని చూస్తున్నాడు. ఒకసారి మేస్త్రీ అరిచినట్టు వస్తుంది. మరోసారి సంతలో పిల్ల తప్పిపోయిన తల్లి కేకలా వస్తుంది. మాటలు మాత్రం అవే.

చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఓడ అంచున నిలబడి, కుడిచెయ్యి ఎత్తి వేలు తిప్పితే పైన క్రేను తాడు లేస్తుంది. వేలు కిందికి చూపిస్తే దిగుతుంది. పిడికిలి బిగిస్తే ఆగిపోతుంది. ఇరవై రెండేళ్లుగా విశాఖ పోర్టులో అతని ఉద్యోగం ఇదే. సన్నటి మనిషి. ఎత్తి ఎత్తి కుడిభుజం ఎడమదానికంటే కాస్త పైకి నిలిచిపోయింది. చెవి మడతల్లో ఖనిజం ఎర్రదుమ్ము ఎంత తోమినా పోదు. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కున్నప్పుడు అది మరీ కనిపిస్తుంది.

ఆదివారాల్లో గాజువాక చర్చిలో అతన్ని మేష్టారంటారు. బాప్తిస్మం కావాలన్నవాళ్లు ముందు అతని ఎదుట నిలబడి ప్రశ్నోత్తరాల పుస్తకంలోని నూటపది జవాబులూ ఒప్పజెప్పాలి. పూర్తిగా చెప్పినవాళ్ల పేరు అతను జాబితాకి ఎక్కిస్తాడు. ఆ జాబితాలో ఉన్నవాళ్లనే పాస్టరుగారు సముద్రంలో ముంచి లేపుతారు. అడగడం అతని వంతు, చెప్పడం వాళ్ల వంతు. అది తిరగబడొచ్చన్న ఆలోచనే అతనికి ఎప్పుడూ రాలేదు, నూకాలు వచ్చేదాకా.

నూకాలుకి అరవై దాటాయి. స్టీలు ప్లాంటుకి ఊరు పోయాక ఇచ్చిన కాలనీలో కొడుకు దగ్గర ఉంటూ ఎండుచేపలు అమ్ముతుంది. చదువు రాదు. నిన్ను ఎవరు చేశారంటే దేవుడంది. ఎందుకు చేశాడన్న దానికి తన మహిమ కొరకు అని మూడే మాటలు చెప్పాలి. ఆమె చెప్పలేదు. ఆయనకి ఏం తక్కువైందని తనని చేసుకున్నాడని ఎదురడిగింది. వెనక బల్లలో ఎవరో నవ్వారు. ఆ వారం తప్పింది. తర్వాతి వారం ఏదెను తోట ప్రశ్న దగ్గర ఆగి, తల పక్కకి వంచి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆ పిలుపు కోపంగా పిలిసినాడా మేష్టారూ, బెంగగా పిలిసినాడా?"

అది పుస్తకంలో లేదన్నాడు అర్జునరావు. నేదని తెలుసు బాబూ, అందుకే మిమ్మల్నడుగుతన్నాను, అంది. అతను ఆమె పేరు ఎక్కించకుండానే జాబితా మడిచేశాడు.

ఆమెకి పది రోజులుగా జ్వరం. మేష్టార్ని ఒక్కసారి ఇంటికొచ్చి అడిగి, పేరు రాసుకోమని నిన్న కోడలు గౌరీశ్వరితో కబురంపింది. బాప్తిస్మం రేపు పొద్దున్న. జాబితా సాయంత్రానికల్లా పాస్టరుగారి చేతిలో ఉండాలి. రెండుగంటలకి డ్యూటీ దిగి వెళ్లాలి. వెళ్లి ఏం చెయ్యాలి? మళ్లీ అదే అడిగితే?

ఎనిమిదేళ్లప్పుడు అతను నాన్న వాచీ నూతిలో పడేశాడు. గడ్డివాము వెనక దూరి కూర్చున్నాడు. నాన్న పేరు పెట్టి పిలుస్తూ రెండుసార్లు అటుగా వెళ్లాడు. గడ్డిపోచలు చెంపలకి గుచ్చుకుంటున్నా కదల్లేదు. ఇంటికి చేరేసరికి నాన్న జూటుమిల్లు డ్యూటీకి వెళ్లిపోయాడు. మర్నాడు నాన్న ఆ మాట ఎత్తలేదు. అతనూ అడగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత నాన్న పోయేటప్పుడు మంచం పట్టెమీదే కూర్చున్నాడు. అప్పుడూ అడగలేదు. ఆ గొంతు మాత్రం చెవిలో ఉంది. ఎంత విన్నా దాని రంగు తేలదు.

హారన్ మోగింది.

తలెత్తాడు. పైపుల కట్ట గాలిలో ఆగి ఉంది. క్రేను డ్రైవరు గురునాథరావు క్యాబిన్‌లోంచి సగం బయటికి వంగి చూస్తున్నాడు. అర్జునరావు చెయ్యి ఎత్తీ ఎత్తనట్టు, వేలు ఎటూ చూపకుండా గాలిలో నిలిచిపోయి ఉంది. ఇన్నేళ్లలో అతని సైగ అర్థం కాక ఏ డ్రైవరూ హారన్ కొట్టలేదు.  పిడికిలి బిగించి, కిందున్న ఖలాసీలను పక్కకి పంపి, కట్టని మెల్లగా దింపించాడు.

టీ దగ్గర అతను ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. గురునాథరావే గ్లాసు పట్టుకుని పక్కకొచ్చాడు.

"ఏటి బావా, పెళ్లిలో అప్పడం అందని పెద్దమనిషిలా ఆ మొకమేటి?"

"అందరి ముందూ నా మీద హారన్ కొట్టినావు."

"నీ మీద కొట్టనేదు. తెలీక అడిగినాను. తెలిసినట్టు దింపేత్తే కింద మనుసులు బావా."

మిగిలిన టీ గురునాథరావు తాగేసి వెళ్లాడు. అర్జునరావు గ్లాసు చల్లారిపోయింది. తెలిసినట్టు దింపేయడం. పదకొండేళ్లుగా ఆదివారాల్లో తను చేస్తున్నది అదే కాదా? నూకాలు ఎదురుచెప్పలేదు, తెలీక అడిగింది. కింద నిలబడి ఉన్నది ఆమె. దింపేముందు ఆగమంది.

గాజువాక బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. జేబులోంచి జాబితా తీసి, మోకాలి మీద పెట్టుకుని చివర్న నూకాలు పేరు రాశాడు. బస్సు కుదుపుకి అక్షరాలు గోతుల్లో పడి లేచినట్టు వచ్చాయి. నాకూ తెలీదమ్మా అని చెప్పాలి. ఆ మాట ఎలా ఉంటుందో పెదవులతో అనుకుని చూశాడు. పక్కనున్నాయన ఏటండీ అన్నాడు. ఏమీ లేదన్నాడు.

షేరాటో దిగి కాలనీ సందులోకి తిరిగేసరికి గుమ్మం బయట నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఏడుపు లేదు. గౌరీశ్వరి లేచి నిలబడింది. పొద్దున్నే గంజి తాగి పడుకుందట. మేష్టారొత్తే లేపమని చెప్పిందట. ఒంటిగంటకి దుప్పటి సర్దబోతే ఒళ్లు చల్లగా ఉందట. కొడుకు శవపెట్టె కోసం వెళ్లాడు.

చాప మీద ఆమె పొట్టిగా కనిపించింది. తల కాస్త పక్కకి వాలి ఉంది. జాబితా మీద చనిపోయిన మనిషి పేరెందుకని పాస్టరుగారు అడుగుతారు. అడగనీ, అనుకున్నాడు. కొట్టెయ్యలేదు.

గౌరీశ్వరి లోపల్నించి బిస్కట్ల రేకుడబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. నిండా సముద్రపు గుల్లలు. నున్నటివి, గరుకువి, అంచు విరిగినవి.

"మీకివ్వమన్నాది. మిమ్మల్ని అడగాల్సింది గ్యాపకం రాగానే ఒకో గుల్ల ఏసీది, మర్సిపోతానని."

"ఏది ఏ ప్రశ్నో నీకు చెప్పిందా?"

"నేదండి. ముట్టుకుంటే ఆవిడికే తెలిసీది."

అతను చాప పక్కన నేలమీద కూర్చున్నాడు. ఒక గుల్ల తీసి బొటనవేలితో తడిమాడు. గీతలు తగిలాయి. దేని గురించో తెలియలేదు. ఇంకోటి తీశాడు. చాలాసేపు అలా ఒక్కొక్కటే తీసి, తడిమి, మళ్లీ పెట్టాడు. బయట ఆడవాళ్లు గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు.

గోడవార ఆమె చేపల గంప ఉంది. అతను చెయ్యి చాపి, దాని అడుగున మిగిలిన ఇసకలో వెతికి, గోరంత గుల్ల ఒకటి పట్టుకున్నాడు. నాన్న పిలుపు చెవిలో ఉండగా కాసేపు గుప్పిట్లో ఉంచుకున్నాడు. తర్వాత దాన్ని డబ్బాలో వేశాడు.

మూత పెట్టని డబ్బాలో, ఆమె గుల్లల పైన, ఇసక రాలుతూ, అది చిన్నగా కదిలి నిలిచింది.