వడగట్టిన నీళ్లు

సారమ్మ పోసే పాలలో నలుసు కనిపించిందన్నవాళ్లు చేవెళ్ల దారిలోని హిమాయత్‌నగర్ ఊళ్లో ఒక్కరూ లేరు. ఉన్నవి రెండు బర్రెలే అయినా, పితికిన పాలు పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగడితే గాని గడప దాటనిచ్చేది కాదు. దాని గురించి ఆమెకు కాస్త గర్వం కూడా. ఉండనీయండి, లేనివాళ్లకు గర్వపడటానికి దొరికేవి అలాంటివే.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది ఎండాకాలంలో ఆమె మొగుడు పేతురు మంచం పట్టాడు. మూడు వారాలైనా జ్వరం దిగలేదు. తల పగిలిపోతోందనేవాడు, తిన్నది కక్కేవాడు. చివరికి మెడ కొయ్యబారిపోతే ఎడ్లబండి కట్టి చేవెళ్ల దగ్గర మిషన్ దవాఖానాలో చేర్పించారు.

అక్కడి డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఊరూరా ఊరేగింపులు జరుగుతున్న రోజులవి. దవాఖానా కిటికీకీ ఒక రాయి తగిలింది. అయినా ఆమె కదల్లేదు. మనిషి మంచిదే, నోరే దురుసు. ఎప్పుడో ఒక బాలింత పక్కబట్టలు చూసి, మీ వైపువాళ్లకు శుభ్రమంటే తెలియదన్నదట. ఆ మాట నాలుగు ఊళ్లు తిరిగి సారమ్మ చెవిన కూడా పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

డాక్టరమ్మ పేతురును పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి, నడుములో సూది గుచ్చింది. రక్తం వస్తుందనుకుంది సారమ్మ. వచ్చినవి తేట నీళ్లు. ఒక్కొక్క చుక్కే గాజు గొట్టంలోకి దిగాయి. మెదడూ వెన్నుపామూ దెబ్బ తగలకుండా ఆ నీళ్ల మధ్యనే ఉంటాయని, అవి చెడితే మనిషే చెడతాడని డాక్టరమ్మ చెప్పింది. ఏ క్రిమి చెడగొట్టిందో పట్నంలో పెద్ద దవాఖానావాళ్లు చూసి చెప్పాలి. క్షయ క్రిమి అయితే దానికి వేరే సూదులున్నాయి. కానీ బంద్‌ల వల్ల మందులు రావడం లేదు, ఉన్నవి ఒక్క మనిషికే సరిపోతాయి. పక్క మంచం మీద సాయిలు అనే అతను క్షయతో నెత్తురు కక్కుతున్నాడు. అందుకని జబ్బు అదేనని తేలకుండా పేతురుకు ఇవ్వలేనంది. గొట్టం కుదపకుండా, పగలకుండా తీసుకువెళ్లమంది. ఇంకేమీ చెప్పలేదు.

మొయినాబాద్ చేరేసరికి బస్సులు లేవు. సారమ్మ ఆ పూట చెల్లెలు పెంటమ్మ ఇంట్లో ఆగి, గొట్టం ఒరిగిపోకుండా బియ్యం గిన్నెలో నిలబెట్టింది. తెల్లవారి చూస్తే నీళ్లలో సన్నటి బూజు వేలాడుతోంది. మురికి పడిందనుకుంది. పట్నంవాళ్లు మురికి నీళ్లని పారబోస్తారు, డాక్టరమ్మ ఆ మాట మళ్లీ అంటుంది. ఈసారి తనను చూసి అంటుంది.

పెంటమ్మ ఉండనీయమనే అన్నది. సారమ్మ వింటేనా? పాలగుడ్డ ఉడకబెట్టి ఆరబెట్టింది. గాజుగ్లాసు వేడినీళ్లతో కడిగింది. గొట్టంలోని నీళ్లు అందులోకి వడగట్టి మళ్లీ గొట్టంలో పోసింది. గుడ్డకు అంటిన బూజును శుభ్రంగా ఉతికేసింది.

ఆ తేట నీళ్లు పట్టుకుని, రాళ్లూ కాలిన టైర్లూ పడివున్న రోడ్డు వెంట కాలినడకన పట్నం వెళ్లింది. పనివాళ్లు సగం మంది కూడా లేని చోట ఒకాయన గొట్టం తీసుకుని, మర్నాడు కాగితం ఇచ్చాడు. క్షయ క్రిమి కనిపించలేదట. పాపిష్టి జబ్బు తప్పిందని సారమ్మ దారి పొడుగునా దేవుణ్ణి స్తుతిస్తూ వచ్చింది.

కాగితం చూసి డాక్టరమ్మ పేతురుకు మామూలు జ్వరం సూదులే పొడిచింది. ఆరో రోజుకు అతనికి మెల్లకన్ను వచ్చింది, పెళ్లాం పేరు మరిచిపోయాడు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని కాగితం మళ్లీ చదివింది. లక్షణాలన్నీ క్షయవే, కాగితం మాత్రం కాదంటోంది.

"సారమ్మా, ఆ నీళ్లు రాత్రంతా కదలకుండా ఉన్నాయి కదా. పొద్దున వాటిలో సాలెగూడు లాంటిదేమైనా కనిపించిందా?"

"కనవడ్డది."

"మరి పట్నంలో వాళ్లు చూడలేదా?"

"ఆళ్లకేడ కనవడ్తదమ్మ. నేనే వడగట్టిన. మావోళ్లకు శుభ్రం లేదంటవని."

డాక్టరమ్మ చేతిలోని కాగితం మంచం మీద పెట్టింది. క్షయ క్రిమి దొరికేది ఆ గూడులోనేనని, ఆ సంగతి తాను ముందే చెప్పి ఉండాల్సిందని మెల్లగా అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని సారమ్మకు అనిపించింది.

"అయితే గా సూదులు ఇప్పుడియ్యమ్మ."

"నువ్వు కాగితం తెచ్చిన రోజే సాయిలుకు మొదలుపెట్టాను. మధ్యలో ఆపితే అతను పోతాడు. పంచితే ఇద్దరూ దక్కరు."

సారమ్మ పక్క మంచం వైపు చూసింది. సాయిలు లేచి కూర్చుని గంజి తాగుతున్నాడు. వాళ్ల మాటలు అతనికి వినపడలేదు. వారం కింద తల ఎత్తలేనివాడు, ఆమె చూడటం గమనించి గిన్నె దించాడు.

"ఫికర్ చెయ్యకక్క. నాకు నయం అయితలేదా? అన్నకు గూడ అయితది."

సారమ్మ తల ఊపింది. పేతురు కాళ్ల మీద దుప్పటి సర్ది, ఆ మంచం అంచునే కూర్చుంది.