ఊరు తిరిగొచ్చిన జాకెట్టు ముక్క

"పాత చీరలే కదే, వాటికి రేటేంటి?" అన్నారు మా ఆయన, పప్పుచారులో అన్నం కలుపుకుంటూ.

బెంజ్ సర్కిల్ దగ్గర చేతిపని బట్టల షాపు నడిపే సాయిశ్రీ పొద్దున ఫోన్ చేసింది. పాత చీరలతో నేను కుట్టిన బొంత ఒకటి ఆ అమ్మాయి షాపులో ఉంది. "ఒకావిడ అడుగుతున్నారు ఆంటీ. మీకెంత కావాలో సాయంత్రంలోగా చెప్పండి. 'మీ ఇష్టం' అన్నారంటే మాత్రం బొంత వెనక్కి పంపించేస్తాను" అంది. నవ్వుతూనే అంది గానీ, అన్నంత పనీ చేసే పిల్లే. ఇన్నేళ్లుగా ఎవరడిగినా నా నోట వచ్చేది ఆ ఒక్క మాటే. మీ ఇష్టమండీ, మీకు తోచింది ఇవ్వండి. వాళ్లకి తోచేది ఎప్పుడూ తక్కువే.

"దారానికింత, లోపల వేసిన దుప్పటికింత, నీకో వంద. ఎనిమిది వందలు చెప్పు. ఖాళీగా కూర్చుని కుట్టేదేగా" అని ఆయనే తేల్చేశారు.

ఆయనకి కుట్టుపని విలువ తెలియక కాదు. భవానీపురంలో వెంకటసుబ్బారావు టైలరంటే తెలియనివాళ్లు లేరు. సొంత చెల్లెలు శివపార్వతి కొడుకు పెళ్లి బట్టలు కుట్టినప్పుడు కూడా పైసా తగ్గించకుండా, "కత్తెరకి చుట్టరికం ఉండదమ్మా" అన్న మనిషి. ఇక నా ఖాళీ సంగతి. పొద్దున టిఫిన్లయ్యాక ఆయన షాపు చొక్కాలు నా ఒళ్లోకి వస్తాయి. కాజాలు, గుండీలు, అంచుమడతలు. మిషన్ కాజా ఆయనకి నచ్చదు, చేతి కాజాయే ఉండాలి. పెళ్లయిన కొత్తలో "నువ్వు వేస్తే ఎంత ముద్దుగా ఉంటాయో" అన్నారు. ఆ ఒక్క మాటకి మురిసిపోయి మొదలుపెట్టాను, ఇప్పటికీ వేస్తూనే ఉన్నాను. అవన్నీ అయ్యాక మిగిలిన మధ్యాహ్నంలో బొంత పట్టుకుంటాను. ఆ కాస్తసేపూ నేను చల్లపల్లిలో ఉంటాను.

చల్లపల్లిలో మా ఇంట్లో ముందుగది అంతా మగ్గమే. నాన్న అంకమ్మరావు నేస్తుంటే, అమ్మ చౌడేశ్వరమ్మ ఆ పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుట్టేది. అమ్మ కండె అందివ్వకపోతే నాన్న మగ్గం ఆగిపోయేది. అయినా షావుకారు ఇచ్చే కూలి మగ్గం మీద కూర్చున్న మనిషికే. రాట్నం తిప్పిన చెయ్యి లెక్కలోకి వచ్చేది కాదు. మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్లంతా మా వసారాలోకి చేరేవాళ్లు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ చీరలు పరిచి అమ్మ బొంత కుట్టేది. లోపల మగ్గం టకటకలాడుతుంటే దానికి తగ్గట్టే అమ్మ సూది నడిచేది. నేను ఆ చీరల మీద బోర్లా పడుకుని వాళ్ల కబుర్లు వింటూ నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ గంజీ ఎండా కలిసిన ఆ వాసన ఎక్కడైనా తగిలితే కళ్లు మూతలు పడతాయి.

మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా అమ్మ కుట్టిన బొంత మీదే పడుకుంది. మధ్యలో ఆ బిడ్డ అమ్మమ్మదో నాయనమ్మదో చీర ముక్క పడాల్సిందే. డబ్బు ఇవ్వబోతే, "పురిటిబిడ్డ పక్కకి వెల కడతారటే?" అని కసిరేది. అందుకని పసుపూ కుంకుమా పెట్టి, రెండు అరటిపళ్లూ ఒక జాకెట్టు ముక్కా చేతిలో పెట్టేవాళ్లు. ఆ ముక్కలు ఎవరూ కుట్టించుకోరు. పెట్టెలోకి పోతాయి, ఇంకో పేరంటానికి బయటికొస్తాయి. ఎవరిది వాళ్లకే పెడితే పరువు పోతుందని, అమ్మ తను కొన్న ముక్కలు వచ్చినవాటిలో కలిసిపోకుండా మూలన నీలిదారంతో ఒక కుట్టు వేసి గుర్తుపెట్టుకునేది.

ఒకసారి బొంతకి బదులుగా మెరూన్ రంగు ముక్కొకటి వచ్చింది. విప్పి చూస్తే మూలన నీలి కుట్టు. ఎప్పుడో అమ్మ ఎవరికో పెట్టిందే. వసారా అంతా ఒకటే నవ్వులు. అమ్మా కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. అందరూ వెళ్లిపోయాక దాన్ని మడతపెడుతూ, "చూశావటే, ఇది ఊరంతా తిరిగొచ్చింది. నేనే ఈ రాట్నం దగ్గర్నుంచి లేవలేదు" అని మళ్లీ కండెలకి కూర్చుంది. నాకప్పుడు అదీ నవ్వే. అమ్మ పోయాక పెట్టెలోంచి నేను తెచ్చుకున్నది ఆ ముక్కొక్కటే.

ఈయన భోంచేసి వెళ్తూ చొక్కాల సంచి మర్చిపోయారు. ఇచ్చొద్దామని లేచాను. ఏమనిపించిందో, బీరువా తీసి ఆ మెరూన్ ముక్క కూడా సంచిలో పెట్టుకున్నాను.

షాపులో ఒకాయన బేరమాడుతున్నాడు. "చేతి కాజాలకి మరీ అంత ఎక్కువేంటండీ?"

"చేతిపని కదండీ" అన్నారు మా ఆయన, కాజా మీద వేలు రాస్తూ. "ఒక్కొక్కటీ వంగి కూర్చుని వెయ్యాలి. నడుం పడిపోద్ది, కళ్లు పోతాయి. ఆ మాత్రం ఇవ్వకపోతే ఎట్టా?"

బేరమాడినాయన అడిగినంత డబ్బిచ్చి వెళ్లిపోయాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా నడుం గురించి, నా కళ్ల గురించి మా ఆయన అంత బాగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అమ్మ గురించి ఒక్కసారైనా షావుకారుతో ఎవరూ ఇలా చెప్పలేదు కదా అనిపించింది.

అక్కడే స్టూలు మీద కూర్చుని సాయిశ్రీకి ఫోన్ చేశాను. "నాలుగున్నర వేలమ్మా" అన్నాను.

"హమ్మయ్య, చెప్పారు ఆంటీ. ఆవిడనడిగి మళ్లీ ఫోన్ చేస్తాను" అంది.

మా ఆయన కత్తెర ఆపేశారు. "నాలుగున్నర వేలా? ఎవరు చెప్పారే నీకా రేటు?"

"మీరేనండీ. ఇందాక ఆయనకి చెప్పారుగా, నడుం పడిపోద్ది, కళ్లు పోతాయని."

"ఆవిడ తీసుకోకపోతే?"

"నేనే కప్పుకుంటాను."

"సరేలే, ఇవి రేపటికి కావాలి" అంటూ ఇంకో నాలుగు చొక్కాలు నా ముందుకి తోశారు.

"కాజాకెంతండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. "మనలో మనకి రేటేంటే?"

"సూదికీ చుట్టరికం ఉండదండీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను సంచిలోంచి అమ్మ ముక్క తీసి, మడత విప్పి, నీలి కుట్టు పైకి కనిపించేలా ఆయన బల్ల మీద పరిచాను.

"దీంతో నాకో జాకెట్టు కుట్టండి. కుట్టుకూలి నా కాజాల కూలిలో పట్టుకోండి."