మూట విప్పిన ఆడవాళ్ళు

మూటలో దాగిన ఇంజెక్షను సూది తోడికోడలి బొటనవేల్లోకి కసుక్కున దిగడం గంజక్క కళ్ళారా చూసింది. సూపర్‌వైజరూ చూశాడు. "గుడ్డ చుట్టుకుని పని కానీ" అని మొహం తిప్పుకున్నాడు.

అది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. చీము, నెత్తురు, మలం అంటిన గుడ్డలను నలభై మంది ఆడవాళ్ళు ఉత్త చేతులతో వేరుచేస్తారు. ఉతికినవాటికి గంజి పెట్టేది కనుక ఆమె అందరికీ గంజక్క. చేతితొడుగులు అడిగితే కాంట్రాక్టరు, "ఇంట్లో పిల్లల గుడ్డలు తొడుగులేసుకునే ఉతుకుతారా?" అని ఇకిలించేవాడు.

రెండు నెలలకు తోడికోడలి కళ్ళు పచ్చబడ్డాయి. "రోగిష్టిది, అందరికీ అంటిస్తుంది" అని పనిలోంచి తీసేశారు.

ఆ వారమే లాండ్రీ భోజనాల గదిలో కళా శిబిరం పెట్టించాడు కాంట్రాక్టరు. తొడుగులకు దిక్కులేదు గానీ తైతక్కలకు గురువు దిగాడు. నల్ల లాల్చీ, మెత్తని గొంతు.

"కళ్ళు మూసుకోండమ్మా. నేనెవరు అని లోపల అడగండి."

"లోపలెందుకు బాబూ, బయటే చెప్తా. ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీదాన్ని" అంది ఇస్త్రీ పెద్దమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

వాళ్ళకు తెల్లటి దుప్పట్లు చుట్టి నేలమీద పొర్లించాడు గురువు. మూలగమన్నాడు. "ఇంకా లోతుగా! ఆహా, ఎంత అందమైన బాధ!"

గంజక్క ఒంటికి చుట్టిన దుప్పటి విప్పుకుని లేచి కూర్చుంది. "సూది సంగతి చెప్పొచ్చా?" అని అడిగింది.

"తప్పకుండా. కానీ ఎవర్నీ వేలెత్తి చూపొద్దు. పేర్లు వద్దు. బాధ చాలు."

కుళాయి దగ్గర ఆడవాళ్ళు వాదులాడుకున్నారు.

"మన ఏడుపు చూపించి కాంట్రాక్టరు మంచోడనిపించుకుంటాడు. నేను రాను" అంది ఒకామె.

"రాకపోతే ఎవరికి చెప్తాం? ఆఖర్న ప్రదర్శనకు ఆసుపత్రి పెద్ద మనుషులొస్తున్నారు. వాళ్ళ ముందు మూట విప్పుదాం" అంది గంజక్క.

"ఉన్న కూడూ పోతుందే!" అని వణికింది ఇస్త్రీ పెద్దమ్మ.

"ఆ సూది రేపు నీ చేతికి దిగితే?"

పెద్దమ్మ తన చేతులకేసి చూసుకుంది.

ప్రదర్శన రోజు ముందు వరసలో కాంట్రాక్టరు, ఆసుపత్రి అధికారులు, వాళ్ళ భార్యలు. మూలుగులు మొదలయ్యాయి. నడిమధ్యలో గంజక్క లేచి నిలబడింది. నలుగురు ఆడవాళ్ళు వార్డు మూట మోసుకొచ్చి కాంట్రాక్టరు కాళ్ళముందు విప్పారు. కంపు గదంతా కమ్ముకుంది.

చప్పట్లు మోగాయి! ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే, "ఎంత సహజంగా ఉందో!" అంది ఒక అధికారి భార్య.

"నాటకం కాదమ్మా, మా బతుకు" అంది గంజక్క. ఛీ, వీళ్ళకు మనుషులు కనబడరా అనిపించింది. కాంట్రాక్టరు వైపు తిరిగింది. "చెయ్యి పెట్టయ్యా. మేం రోజూ పెట్టేదే."

వాడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. తోడికోడలు తలుపు పట్టుకుని లోపలికొచ్చింది. "నన్నెందుకు తీసేశావో వీళ్ళకు చెప్పు" అంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇలా కాదమ్మా, కళకు ఒక మర్యాద..." అని గొణిగాడు గురువు.

"నీ మర్యాద తగలెయ్య! ముందు ఆ సూది ఏరు!" అని కసిరింది గంజక్క.

మురికి మూట విప్పి రోగం వ్యాపింపజేస్తోందని కాంట్రాక్టరు ఫిర్యాదు చేస్తే గంజక్కను పోలీసులు పట్టుకుపోయారు. మర్నాడు కోర్టుకు తీసుకెళ్తుంటే లాండ్రీ గేటు దగ్గర జీపు ఆగిపోయింది. దారికడ్డంగా ఆడవాళ్ళు కూర్చున్నారు. వెనక మూటల వ్యానులు బారులు తీరాయి. కాంట్రాక్టరు బయటినుంచి తెచ్చిన కొత్త కూలీలకు ఇస్త్రీ పెద్దమ్మ సూది కథ చెబుతోంది. వినీ వినీ వాళ్ళలో ఒకామె కొంగు నడుముకు దోపుకుని పెద్దమ్మ పక్కన చతికిలబడింది. మిగతావాళ్ళూ ఒకరొకరే కూర్చున్నారు.

"లేవండి! తొడుగులిప్పిస్తాను, లేవండి!" అని అరిచాడు కాంట్రాక్టరు.

"తొడుగులొక్కటే కాదు. తీసేసిన మనిషిని పనిలోకి తీసుకో. వైద్యం చేయించు. జీపులో ఉన్నదాన్ని దింపు" అంది పెద్దమ్మ.

ఇన్‌స్పెక్టరు లాఠీ పట్టుకుని దిగాడు. ఒక్కరూ కదల్లేదు.